గరికపాటి వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

హైదరాబాదు నుంచి బెజవాడ వచ్చే దారిలో కోదాడ దాటి పాలేరు వంతెన దిగితే గరికపాడు. జగ్గయ్యపేట మండలం. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఆ తర్వాత ఎన్టీఆర్ జిల్లా. రోడ్డుకు 9 అనే నంబరు పోయి 65 వచ్చింది. 2014 జూన్ 2 నుంచి పాలేరుకు అవతలిది వేరే రాష్ట్రం. ఇన్ని మారినా కదలకుండా ఉన్నది ఊరొక్కటే. పత్రికల్లో మాత్రం దీని పేరు చెక్‌పోస్టు అనే బిరుదు లేకుండా అచ్చవడం అరుదు.

అట్టి గరికపాటి సమీపాన, రోడ్డు వారగా, ఒక టీకొట్టు బల్ల మీద కూర్చున్న లారీ క్లీనరు గ్లాసు చేతబట్టి తల పైకెత్తి, "బాబాయ్, ఈ చెట్టు నిండా ఆ గబ్బిలాలేంది, మాను నిండా ఈ తెల్లపాచేంది? రెండిట్లో ఏది నయం?" అని ప్రశ్నించగా, కొట్టు యజమాని పాలు పొంగకుండా చూసుకుంటూనే అనుగ్రహించిన వాక్యమే ఈ మూలం. ఏ చెట్టు, ఏ రోజు అన్నది సంప్రదాయం చెప్పలేదు. మూలకారుడు చూపని చెట్టును వ్యాఖ్యాత నాటకూడదు.

కాళిదాసుకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మన మెతుకుసీమ కొలిచెలమ వాడే. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన మాట ఇచ్చి మరీ రాశాడు. అందులో మొదటి సగాన్ని శిరసావహిస్తున్నాను. రెండో సగం దగ్గర పెద్దలు మన్నించాలి. అక్కర్లేనిది చెప్పకపోతే టీకొట్టు వాక్యానికి వ్యాఖ్య పేజీ దాటదు.

మూలం

"గబ్బిలాయి ఏలాడుద్ది, పాచి పాకుద్ది, చింతచెట్టుకి ఏదీ అద్దె కట్టదు."

ప్రతిపదార్థం

గబ్బిలాయి = గబ్బిలము. తోలు రెక్కలది కనుక అజినపత్ర అని అమరసింహుడు. లోకంలో గబ్బిలాలు 1,400 రకాల పైచిలుకు; మన దేశంలోనే 120 దాటాయి. ఇన్నింటిలో ఇక్కడ చెప్పినది ఏది? పాడుబడ్డ గుళ్ళలో, మిద్దెల సందుల్లో దాగే పురుగుల గబ్బిలం కాదు. తాటాకుల చాటున పదీ పాతికా చేరే కురచముక్కు గబ్బిలమూ కాదు. "చెట్టు నిండా" అని క్లీనరు సాక్ష్యం ఉన్నందున పట్టపగలు నలుగురికీ కనబడేలా వేలాడే పెద్ద పండ్ల గబ్బిలమే గ్రాహ్యం. రెక్కలు చాస్తే నాలుగైదు అడుగులు. బాగా ఎదిగినది కిలోన్నర తూగుతుంది. ఏడాదికి ఒక్కటే పిల్ల. శాస్త్రజ్ఞులు దీన్ని చాలాకాలం టెరోపస్ జైగాంటియస్ అని పిలిచి, ఇప్పుడు టెరోపస్ మీడియస్ అంటున్నారు. రాకాసి అన్న పేరు పోయి మధ్యరకం అన్న పేరు వచ్చింది. జిల్లా పేరు మారితే ఊరికి ఎంత తేడా పడిందో, దీనికీ అంతే.

ఏలాడుద్ది = వేలాడును. ఇందులో నింద ఉందని కొందరు వ్యాఖ్యాతలు. అది చింత్యం. మనిషి నిలబడాలంటే కండరాలు పనిచెయ్యాలి. గబ్బిలం వేలాడాలంటే ఏమీ చెయ్యక్కర్లేదు. ఒంటి బరువుకే కాలివేళ్ళ స్నాయువులు బిగిసి తాళం పడిపోతాయి. పట్టు వదలాలంటేనే దానికి పని. అందుకే చచ్చిన గబ్బిలం కూడా ఒక్కోసారి కొమ్మను వదలదు. విసర్జన వేళ మాత్రం బొటనవేలి గోళ్ళతో కొమ్మ పట్టుకుని తల పైకి తిప్పుకుంటుంది, తన ఒంటి మీద తనే పోసుకోకుండా. కనుక ఇది శుభ్రత ఎరిగిన ప్రాణి అని ధ్వని. కింద టీ తాగేవాడికి ఈ ధ్వని మరోలా చేరుతుందన్నది వేరే విషయం.

పాచి = ఇక్కడ బావిమెట్ల మీద కాలు జార్చే పాచి కాదు. బెరడు మీద బూడిద రంగులో గుండ్రటి మచ్చలుగా, పొలుసులుగా పరుచుకునేది. పాఠ్యపుస్తకాల్లో దీని పేరు లైకెన్. లోకంలో 20 వేల రకాలు ఉంటాయి. మన వంటింటికి పాత చుట్టమే. బిర్యానీ మసాలాలో నల్లగా ముడుచుకుని ఉండే రాతిపువ్వు ఈ కులానిదే. పేరుకు రాతిది గానీ, కొండ ప్రాంతాల్లో బండల మీదా చెట్ల బెరళ్ళ మీదా కూడా ఏరి అంగటికి తెస్తారు. మన మైదానాల్లో మామిడి మానుల మీద, రోడ్డు పక్క చెట్ల మీద ఎక్కువగా కనబడేది పిక్సీన్ కోకోస్ అనే జాతి. పొగకూ దుమ్ముకూ ఓర్చుకునే మొండిఘటం. దీన్ని గీకి బిర్యానీలో వేసుకోవద్దు. అది రాతిపువ్వు కాదు, పైగా అది పీల్చిన లారీల పొగంతా అందులోనే ఉంటుంది.

పాకుద్ది = పాకును. ఇక్కడ వ్యాఖ్యాత కాసేపు ఆగక తప్పదు. "పాకుద్ది" ఏకవచనం. పాకేది నిజంగా ఒక్కటేనా?

1867లో స్విట్జర్లాండులో సైమన్ ష్వెండెనర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, లైకెన్ ఒక ప్రాణి కాదు, రెండు అన్నాడు. బయట కనబడేది శిలీంధ్రం, అంటే బూజు, పుట్టగొడుగుల జాతి. దాని పొరల మధ్య బందీలుగా ఉన్నది శైవలం, అంటే ఆకుపచ్చని నాచు. ఎండను పట్టి వంట చేసేది నాచు. ఇల్లు కట్టి తిని కూర్చునేది బూజు. బూజు యజమాని, నాచు బానిస అని ఆయన పోలిక. అప్పటిదాకా లైకెన్లకు పేర్లు పెట్టి, వర్గీకరించి, వాటి మీదే జీవితం గడిపిన పండితులకు ఇది అపచారంగా తోచింది. అందరికన్నా గట్టిగా ఎదిరించినవాడు విలియం నైలాండర్. లైకెన్ల విషయంలో ఆ కాలానికి ఆయనే మల్లినాథుడు. ఆయన పక్షం నిలవలేదు. ఇలా రెండు వేరు జాతులు కలిసి బతకడానికి ఆంటన్ డి బారీ 1879లో సహజీవనం అనే అర్థంలో ఒక మాట ఖాయం చేశాడు.

కథ అక్కడితో అయిపోతే బావుండేది. 2016లో టోబీ స్ప్రిబిల్, ఆయన తోటివాళ్ళు, ఉత్తర అమెరికా అడవుల్లో చెట్లకు జుట్టులా వేలాడే లైకెన్లను తరచి చూసి, పైపొరలో మూడోది కూడా ఉందన్నారు, ఈస్టు. అంటే 149 ఏళ్ళపాటు రెండు తలలని లెక్కరాసిన ఇంట్లో మూడో మనిషి కాపురం ఉన్నాడు. ఎవరికీ కనబడలేదు. "పాకుద్ది" అని ఏకవచనం వేసిన మూలకారుణ్ణి ఎలా సమర్థించాలి? సమూహానికి ఏకవచనం వాడటం లోకంలో ఉన్నదే. ఉమ్మడి కుటుంబం అంటాం, పది మందైనా.

ఇక పాకడం సంగతి. పాచి ఏడాదికి పెరిగేది జాతిని బట్టి మిల్లీమీటరులో ఏ కొద్దో మొదలుకొని కొద్ది మిల్లీమీటర్లు. కనుక "పాకుద్ది" అన్నది అతిశయోక్తి. అయితే ఈ మెట్టసీమలో ఆ మాటకు మరో లోతు ఉంది. నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపట్ల పత్తి, మిర్చి తర్వాత రైతులు బాగా నమ్ముకున్నది సుబాబుల్. కాగితం మిల్లుల కోసం నాలుగైదేళ్ళకే నరికేస్తారు. ఆ మాను మీద పాచి అరచేతంత మచ్చ కట్టేలోపే అది కాగితమై ఉంటుంది. ఆ సన్నటి కొమ్మలకు కిలోన్నర గబ్బిలం వేలాడనూ లేదు. రెండింటికీ కావలసింది ముసలి మాను. చింత, మర్రి, రావి, మామిడి. అందువల్లే మూలకారుడు "చింతచెట్టుకి" అన్నాడు. "సుబాబుల్‌కి" అని ఉంటే వాక్యమే పుట్టేది కాదు.

చింతచెట్టుకి = స్పష్టం.

ఏదీ అద్దె కట్టదు = దీని సంగతి కింద విస్తారంగా చూడగలరు.

పాఠాంతరం

పాలేరుకు అవతల, కోదాడ ప్రతుల్లో, "గబ్బిలం ఏలాడ్తది, పాచి పాకుతది, చింతచెట్టుకు ఎవడూ కిరాయి కట్టడు" అని పాఠం. "ఉద్ది"కి బదులు "తది" రావడం నది దాటినందువల్ల వచ్చిన భేదం, అర్థంలో మార్పు లేదు. "అద్దె", "కిరాయి" కూడా అంతే. కానీ "ఏదీ" అన్నచోట "ఎవడూ" అన్న పాఠం ప్రమాదకరం. "ఏదీ" అంటే జంతువు, బూజు, నాచు దాకానే వర్తిస్తుంది. "ఎవడూ" అంటే మనిషి కూడా పడతాడు, అప్పుడు ఆ చెట్టు నీడలో పొయ్యి పెట్టుకున్న మూలకారుడే మొదటి బాకీదారు. గరికపాటి పాఠమే ప్రాచీనమని నా అభిప్రాయం. తన కొట్టు అద్దె లెక్కలోకి రాకుండా నపుంసకలింగం వాడుకున్న ఆ నేర్పు తర్వాతి లేఖకులకు అబ్బేది కాదు.

అలంకారం

గబ్బిలం, పాచి రెండూ ప్రస్తుతాలే; రెంటికీ అద్దె ఎగవేత అనే ఒకే ధర్మం చెప్పినందువల్ల తుల్యయోగిత. "ఏలాడుద్ది, పాకుద్ది" అని అంత్యానుప్రాస. రసం టీ.

శంక

"గబ్బిలం వేలాడటమే తప్ప చెట్టు నుంచి ఏమీ తీసుకోదు కదా, మరి పాచి? అది చెట్టు సారం పీలుస్తుంది. మా తోటలో పాచి పట్టిన మామిడే ముందు ఎండిపోయింది" అని పూర్వపక్షం. ఈ మాట టీకొట్టులో ఎంత వినబడుతుందో మామిడి తోటల్లో అంతకంతా వినబడుతుంది.

సమాధానం: నిజం అటు ఇటు అయింది. పాచికి వేళ్ళు లేవు. కింద సన్నటి నూలు పోగుల వంటివి ఉంటాయి, అవి పట్టుకోవడానికే, పీల్చడానికి కాదు. దాని తిండి ఎండా, గాలీ, వాన తడీ, గాల్లో కొట్టుకొచ్చే దుమ్ములోని ఖనిజాలూ. మరి ఎండిపోయే చెట్టు మీదే ఎందుకు దట్టంగా కనబడుతుంది? ఆ చెట్టుకు ఆకు పలచబడింది. ఆకు పలచబడితే మాను మీద ఎండ పడుతుంది, ఎండ పడితే పాచిలోని నాచు జోరందుకుంటుంది. చెట్టు ముందు నీరసించింది. పాచి ఆ తర్వాత వచ్చింది. రోగి మంచం దగ్గర కనబడ్డవాణ్ణల్లా హంతకుడంటే ఎలా?

గబ్బిలం పక్షాన మాత్రం అంత సులువుగా వాదించలేను. వందల కొద్దీ పెద్ద గబ్బిలాలు ఏళ్ళ తరబడి ఒకే చెట్టును పట్టుకుంటే కొమ్మలు విరుగుతాయి, ఆకు రాలుతుంది, కొస కొమ్మలు బోడిగా మిగులుతాయి. మామిడి, సపోటా, జామ తోటలకు ఇది చేసే నష్టం కూడా కల్పన కాదు. పండు పక్వానికొచ్చిన రాత్రి రైతుకన్నా ముందు దీనికి తెలుస్తుంది. అటువైపు అద్దె లెక్క కూడా ఉంది. మర్రి, రావి, మేడి పళ్ళు తిని గింజలను మైళ్ళ అవతల వేస్తుంది. ఇప్పపూలకూ బూరుగపూలకూ రాత్రిపూట పరాగం మోసేవాళ్ళలో ఇదొకటి. అయితే చింతచెట్టు దగ్గర కాపురం ఉండి, అద్దె మాత్రం ఎక్కడో ఉన్న మర్రికీ ఇప్పకూ కడుతుంది. చింత వైపు నుంచి చూస్తే మూలకారుడి మాట సగం నిజమే. చింతకు దక్కేదల్లా కింద రాలే ఎరువు.

సర్కారు కూడా చాలాకాలం మూలకారుడి పక్షమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అయిదో షెడ్యూలు ఒకటి ఉండేది. అందులో ఉన్న జీవులు పీడలని అర్థం, చంపితే అడిగేవాడు లేడు. కాకి, ఎలుకలతో పాటు పండ్ల గబ్బిలాన్నీ అందులో వేశారు. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు ఆ షెడ్యూలే లేకుండా పోయింది. పాచిని ఆ జాబితాలో పీడ అని కూడా ఎవరూ రాయలేదు. తిట్టించుకోవడానికైనా కంటికి ఆనాలి.

విశేషాలు

ఈ వాక్యంలో మూలకారుడు చెప్పక వదిలిన పోలికలు కొన్ని ఉన్నాయి.

ఎండ. మే నెలలో ఎండల వార్తల్లో నందిగామ పేరు ఎంత మామూలో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పక్కర్లేదు. పండ్ల గబ్బిలానికి 42 డిగ్రీలు దాటితే గండం. రెక్కలతో విసురుకుంటుంది, ఉమ్మితో ఒళ్ళు తడుపుకుంటుంది, నీడ కోసం మాను దిగివస్తుంది, చివరికి రాలిపోతుంది. అదే ఎండకు పాచి చేసే పని ఒక్కటే: పూర్తిగా ఎండిపోయి, ఊపిరి ఆపేసినట్టు పడి ఉండడం. తొలకరి చినుకు పడ్డ కొద్ది నిమిషాలకే మళ్ళీ వంట మొదలెడుతుంది. 2005లో ఐరోపా అంతరిక్ష సంస్థ రెండు రకాల లైకెన్లను రాకెట్టులో పంపి, దాదాపు 15 రోజులు అంతరిక్షంలో కవచం లేకుండా ఉంచింది. దించి తడిపితే మళ్ళీ పనిలో పడ్డాయి. మెట్టసీమ వేసవిని తట్టుకోవడం ఆ కులానికి లెక్కలోది కాదు.

గాలి. నైలాండర్ గురించి పైన కాస్త ఎగతాళిగా రాశాను. ఇక్కడ ఆయన రుణం తీర్చాలి. పారిస్ నడిబొడ్డున లైకెన్లు మాయమవుతున్నా లక్సెంబర్గ్ తోటలో ఇంకా ఉన్నాయనీ, అక్కడి గాలి మేలైనదని అవి చెబుతున్నాయనీ 1866లోనే ఆయన గుర్తించాడు. పాచికి మొక్కలకున్నట్టు పైన మైనపు పూత ఉండదు. గాల్లో ఏది ఉంటే అది లోపలికి పోతుంది. అందుకే ఏ జాతి బతికింది, ఏ జాతి పోయింది అన్నది చూసి గాలి సంగతి చెప్పే పద్ధతి ఏర్పడింది. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి, దాని వెంట సిమెంటు ఫ్యాక్టరీలు. సిమెంటు దుమ్ము క్షారం. అది బెరడు మీద పడి పడి బెరడు గుణమే మారి, రాతిమీద ఉండవలసిన రకాల పాచి చెట్టుమీదికి ఎక్కుతుందని ఇతర దేశాల్లో ఎప్పుడో చూశారు. మన మానులను ఆ కన్నుతో చూసేందుకు పెద్ద ఖర్చు కాదు, ఒక భూతద్దం చాలు.

రోగం. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ మొదలవగానే హైదరాబాదు నుంచి పాసులు చేతబట్టుకుని వచ్చిన జనం గరికపాటి చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. అందరినీ అలా ఆపిన రోగానికి దేశమంతా తిట్టుకున్నది గబ్బిలాన్నే. దాన్ని పాలేరు దాటడానికి పాసు అడిగినవాడు లేడు. కోవిడ్ వైరస్‌కు దగ్గరి చుట్టాలు దొరికినవి చైనా యున్నాన్ ప్రాంతపు లాడపుముక్కు గబ్బిలాల్లో. అవి పురుగులు తినే చిన్న జాతి. మన పండ్ల గబ్బిలాల్లో కరోనా కుటుంబపు వైరస్‌లు ఉన్నాయనీ, అవి కోవిడ్‌వి కావనీ పుణె శాస్త్రజ్ఞులు ఆ ఏడే చెప్పారు. నిపా మాట వేరు. 2018లో కోళికోడ్‌లో మనుషుల ప్రాణాలు తీసిన ఆ వైరస్‌కు పండ్ల గబ్బిలమే నెలవు. పాచి వల్ల ఏ మహమ్మారీ రాలేదని, అందుకే అది పత్రికకెక్కలేదని గ్రహించాలి.

దౌత్యం. కాళిదాసు మేఘాన్ని పంపితే, వినుకొండ జాషువా 1941లో గబ్బిలాన్ని కాశీకి పంపాడు. మనిషిని రానివ్వని గుడిలోకి గబ్బిలం వెళ్ళగలదు గనుక. ఆ పనికి గబ్బిలాన్ని మించినది లేదు. పాచితో కబురంపడం అసాధ్యం; ఏడాదికి మిల్లీమీటరు చొప్పున మీటరు నడవడానికే వెయ్యేళ్ళు. బీజాలు గాల్లో ఎగిరిపోతాయి కదా అంటారేమో, నిజమే. కానీ శిలీంధ్రం బీజం ఒంటరిగా ఎగురుతుంది, దిగినచోట మళ్ళీ నాచును వెతుక్కోవాలి. దారిలో తోడు విడిపోయే దూతతో కావ్యం సాగదు.

రాత. తడి ఎక్కువుండే అడవుల్లో గ్రాఫిస్ అనే పాచి బెరడు మీద నల్లటి వంకర గీతలతో పాత లిపిలా ఉంటుంది. జగ్గయ్యపేట ధనంబోడు మీది బౌద్ధస్తూపం దగ్గర ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి 20వ ఏట సిద్ధార్థుడనే పనివాడు అయిదు ఆయక స్తంభాలు ఇచ్చినట్టు రాతిమీద ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ ఆ చోటు తవ్వించి పరిశీలించాడు కనుక మనకు తెలిసింది. గ్రాఫిస్ గీతల్లో అలాంటి దానపత్రం ఏదీ లేదు; అవి బీజాలు పుట్టే చీలికలు. వ్యాఖ్యాతలు తొందరపడవద్దు.

తాత్పర్యం

మూలకారుడి తీర్పు రెండూ సమానమే అని. ఈ వ్యాఖ్య దాన్ని ఒప్పుకోదు. గబ్బిలం ఇక్కడ వాడుకుని వేరేచోట కట్టే కాపురస్తురాలు. పాచి వాడుకున్నదే లేదు, బాకీయే లేదు. అందువల్ల తుల్యయోగిత పోయి వ్యతిరేకాలంకారం నిలుస్తుంది. క్లీనరు అడిగిన "ఏది నయం" అన్నదానికి జవాబు: చెట్టును అడిగితే పాచి, అడవిని అడిగితే గబ్బిలం.

చదువరులకు మనవి. గబ్బిలం కొరికి వదిలిన పండు ఎంత తీపిదైనా తినవద్దు, పిల్లలకు ఇవ్వవద్దు. రోడ్డు పక్క చెట్టు మొదళ్ళకు ఎర్రజాజూ తెల్లసున్నమూ పట్టించే అధికారులు, ఆ పూత ఎంత ఎత్తుకు పోతే అంత పాచి చస్తుందని తెలుసుకుని ఒక అడుగు తగ్గిస్తే చాలు. మామిడి మాను మీద పాచి కనబడిందని కొబ్బరిపీచుతో గీకించి మందు కొట్టించే రైతులు ఆ కూలీ డబ్బు మిగుల్చుకుని, ఆకు ఎందుకు పలచబడిందో ముందు చూసుకోండి. అనుమానం తీరకపోతే కృషి విజ్ఞాన కేంద్రం గరికపాటిలోనే ఉంది.